మూడు సంతల మందు

మొన్న బచేలిలో మనవరాలి క్వార్టరుకు వెళ్లాను. దాని కొడుకు ఒక తెల్ల కుందేలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఉండి ఉండి తల విదిలిస్తోంది. "చెవి తిప్పి చూపించరా" అన్నాను. చెవి అడుగున గోధుమరంగు పొక్కు కొంచెం మిగిలి ఉంది. పశువుల డాక్టరు సూది వేశాడట, రెండు వారాలకు మళ్లీ తీసుకురమ్మన్నాడట. "గోకుడు తగ్గింది కదమ్మమ్మా, మళ్లీ అంత దూరం ఎందుకు" అంటోంది మనవరాలు. నాకు ఒళ్లు మండింది. "తగ్గిందనే తీసుకుపో. తగ్గినట్టున్నప్పుడే తీసుకుపోవాలి" అని కసిరాను. ముసలిదానికి కుందేళ్ల వైద్యం ఎప్పుడు అబ్బిందని ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను గాని, ఆ రోజంతా ఆ చెవి మీది నుంచి నా చూపు మళ్లలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బస్తరు ఇంకా రాజుగారి సంస్థానమే. గోదావరి వైపు దిగే బండ్లబాట మీద మా ఊరు ఉండేది. మా నాయనది దుకాణం. ముందు గదిలో ఉప్పు, కిరసనాయిలు, గుడ్డల తానులు. వెనక కొట్లో చింతపండు, ఇప్పపువ్వు, లక్క, సారపప్పు. వానాకాలం తలుపులు మూసి ఉంచితే పులిసిన ఇప్పపువ్వు వాసనా, కిరసనాయిలు వాసనా కలిసి ఇల్లంతా తిరిగేవి. సారపప్పు బస్తాకు ఒక మూల నా వేలు పట్టేంత చిల్లు చేసి పెట్టుకున్నాను. నాయనమ్మ ఎలుకలను తిట్టేది. నాయన మాత్రం నా లంగా అంచుకు ఉన్న ముడి వైపు చూసి, "ఈ ఎలుకకు రెండు జడలున్నట్టున్నయే" అనేవాడు, అంతే. ఎప్పుడూ కొట్టలేదు.

నాయనంటే నాకు ప్రాణం. ముఖ్యంగా దుకాణంలో కూర్చున్న నాయన. అడవి పల్లెల నుంచి వచ్చిన దొర్ల వాళ్లతో దొర్లీ, జగదల్‌పూర్ బండ్లవాళ్లతో హల్బీ, సర్కారు మనుషులతో హిందీ, లోపలున్న మాతో తెలుగు, ఒక్క గుక్కలో నాలుగూ మాట్లాడేవాడు. ఎవరి మాట వాళ్లకు అప్పజెప్పేవాడు. ఉప్పు తూచినట్టే మాట కూడా తూచి ఇస్తాడని నేను నమ్మాను. మా అమ్మ ఆ ఏడాది కానుపుకు పుట్టింటికి వెళ్లింది. అందువల్ల నాకు తెల్లవారిన దగ్గర నుంచి నాయనే లోకం.

మా వైపు అడవులు చూసే అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యను అందరూ బాయీసాబ్ అనేవారు. ఉత్తరాది మనిషి, హిందీ తప్ప మరో మాట రాదు. వానలు మొదలు కాకముందే ఆమె పుట్టింటికి బయలుదేరుతూ, తన రెండు తెల్ల కుందేళ్లను ఒక వెదురు గంపలో పెట్టి మా ఇంటికి పంపింది. తన బంగళాలో వదిలితే జవాన్లు కూర వండుకుంటారని భయం. మేము మాంసం ముట్టని వాళ్లం కాబట్టి మా ఇల్లు నమ్మకమనుకుంది. ఆ ఏడు ఆ అడవిలో లక్క కొనే పర్మిటు కోసం నాయన తిరగని రోజు లేదు. గంపను దించుకుంటూ నాతో, "ఇవి చెవులపిల్లులు గాదు బిడ్డా, మన పర్మిటు. జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

నాయనమ్మ గంప చుట్టూ రెండుసార్లు తిరిగి, "పిల్లంటరు, పాలు తాగదు. ఎలుకను పట్టదు. మరి ఎందుకంట ఇది" అంది. అయినా పొద్దున్నే నానిన శనగలు తీసి వాటికి వేసేది మాత్రం ఆమే. నేను దొంగ సారపప్పు వాటాలో నుంచి రెండు పలుకులు వేసేదాన్ని. మగది నా వేలు నాకేది. ఆడది మాత్రం చాలా బెట్టు మనిషి. ముట్టుకుంటే కాలు నేలకేసి కొట్టేది.

మా పెరట్లో వడ్లు దంచడానికి ఒక దొర్ల అవ్వ వచ్చేది. ఆమె పెరటి గడప దాటి లోపలికి రాకూడదు. ఆమె నీళ్లు తాగే చెంబు విడిగా జామచెట్టు మొదట్లో ఉండేది. అవి ఆ రోజుల పద్ధతులు. అవ్వ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూ ఉండేది. రోకలి బరువని సణిగేది, వడ్లు తడిసినవని సణిగేది. కుందేళ్లను చూసిన మొదటి రోజు గంప మీదికి వంగి, "మస్తు బలిసినయి. కూర ఎప్పుడు" అంది. నేను ఏడుపు అందుకున్నాను. అవ్వ పళ్లు లేని నోటితో నవ్వి, ఆ మర్నాటి నుంచి వచ్చేటప్పుడు ఇన్ని లేత వెదురాకులు కొంగున కట్టుకుని తెచ్చేది. అవి వాటికి శనగల కన్నా ఇష్టమని నాకు ఆమె వల్లే తెలిసింది.

శ్రావణం ముసురు పట్టింది. వాగులు పొంగి బాటలు తెగిపోయాయి. వారం రోజులు ఎండ మొహం చూడలేదు. అప్పుడే కుందేళ్లు తల విదిలించడం మొదలుపెట్టాయి. ఈగ వాలిందనుకున్నాను. తర్వాత చెవుల్లో పొడిపొడిగా తవుడు లాంటిది రాలింది. తర్వాత చెవుల లోపల పొక్కులు కట్టాయి. గోక్కుని గోక్కుని ముక్కు మీద, కాళ్ల వేళ్ల మధ్య కూడా బొచ్చు ఊడి, తెల్లగా బూడిద పట్టినట్టయింది. మగది శనగలు మానేసింది. నాకు కూడా ముంజేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. నాయనకు చెప్పడానికి భయపడి మూడు రోజులు నా లోపలే దాచుకున్నాను.

నాయనమ్మ కనిపెట్టింది. వేపాకు వేసి కాచిన నీళ్లతో, కుంకుడు రసంతో రెండింటికీ తలంటు పోసింది. ఆ ముసురులో తడిసిన కుందేలు ఆరదు. ఆడది బిగుసుకుపోయి పక్కకు ఒరిగింది. దాన్ని నా దుప్పట్లో చుట్టి పొద్దంతా పొయ్యి దగ్గర కూర్చున్నాను. సాయంత్రానికి అది కాలు కొట్టింది. అది బెట్టు చేసినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అవ్వ మర్నాడు వచ్చి గంపలోకి చూసింది. మగదాని చెవి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఎవరు తానం పోసిండ్రు దీనికి" అంది.

"నాయనమ్మ."

"గజ్జి బిడ్డా ఇది. మా మేకలకొస్తది. నీళ్లకు పోదు. పురుగు లోపల కాపురం పెట్టింది. నీ పలక ఉన్నదా?"

పలక తెచ్చాను. అవ్వ చెవి అంచు నుంచి పొక్కు తునకను గోటితో తీసి నల్లని పలక మీద పెట్టింది. మబ్బు సందులో నుంచి కాస్త ఎండ పడుతోంది. పలకను అక్కడ పెట్టి, "ఊపిరి బిగబట్టి సూడు" అంది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత, నేను అక్షరాలు దిద్దే పలక మీద, సూది మొన అంత తెల్లచుక్క ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి. ఇప్పటికీ ఆ చుక్కలు తలుచుకుంటే నా చేతులు దురద పెడతాయి.

అవ్వ అడిగినవి రెండే. కానుగ నూనె, గంధకం. కానుగ నూనె మా ఇంట్లో దీపాలకు ఉండేదే. గంధకం దుకాణంలో ఉంది. నాయనకు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. కోప్పడతాడనుకున్నాను. ఆయన పెరట్లోకి వచ్చి, కుందేళ్లను చూసి, అవ్వ చెప్పింది విని, తన చేత్తో గంధకం తూచి ఆకులో కట్టి అవ్వకు ఇచ్చాడు. "నువ్వుండంగ మాకు జగదల్‌పూర్ పశువుల డాక్టరెందుకే. మంచిగ చెయ్యి" అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి. గంధకం తూచింది మా నాయనే.

అవ్వ పని చేసే తీరు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. నేను ఆత్రంగా పొక్కు పీకబోతే వేళ్ల మీద కొట్టింది. పీకితే నెత్తురొస్తుంది, జంతువు బెదిరిపోతుంది, ఇక చెవి ముట్టనివ్వదు. గోరువెచ్చటి నూనె చుక్కలు చుక్కలుగా వేసి, చెవి మొదలు బయటి నుంచి మెల్లగా నలిపి వదిలేయాలి. మూడోనాటికి పొక్కు దానంతటదే మెత్తబడి ఊడి వస్తుంది. గంధకం మెత్తగా నూరి నూనెలో కలిపి ముక్కు మీద, వేళ్ల సందున పలచగా పూయాలి. ఒళ్లంతా ఒకేసారి పూస్తే నాక్కుని చస్తాయి. అందుకని ఈ రోజు ముక్కు, రేపు కాళ్లు. గంపలో గడ్డి కాల్చేసింది. గంప మీద మరిగే నీళ్లు పోయించింది. నా ముంజేతులకు కూడా అదే మందు రాసింది. ఆ కంపుకు నాయనమ్మ నన్ను నాలుగు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు, ఆకు వేసి పెరట్లోనే అన్నం పెట్టింది. అవ్వ కూడా అక్కడే తన జావ తాగుతూ, "ఇప్పుడు నువ్వు నా కులమైనవు" అని వెక్కిరించింది.

"ఒక్కపాలి పూస్తే సాలదు" అని చెప్పింది అవ్వ. "పురుగు సస్తది గని గుడ్లు సావయి. అవి పగిలి మళ్ల పిల్లలొస్తయి. ఈ సంతకు ఒకపాలి, వచ్చే సంతకు ఒకపాలి, ఆ మీది సంతకు ఒకపాలి. మూడు సంతలు. నడుమ మానినట్టే కనబడ్తది. నమ్మద్దు."

మాకు వారానికి ఒకసారి సంత. మొదటి సంతకు పూశాం. చెవుల్లోంచి పొక్కులు రేకులు రేకులుగా ఊడి, అడుగున లేత చర్మం కనిపించింది. రెండో సంతకు పూశాం. మగది శనగలు తినసాగింది. ముక్కు మీద గడ్డిమొలకల్లా నూగు లేచింది. కాని చూడటానికి మాత్రం అవి ఘోరంగా ఉన్నాయి. సగం బొచ్చు లేదు, ఉన్న బొచ్చు నూనెకు అట్టలు కట్టి పచ్చగా మారింది, ఆమడ దూరం గంధకం కంపు. మూడో సంతకు ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు బాయీసాబ్ వచ్చింది. వానలు ముందే వెనక్కి తగ్గాయని పుట్టింటి నుంచి తిరిగొచ్చి, దసరాకు జగదల్‌పూర్ వెళ్తూ దారిలో కుందేళ్లను తీసుకుపోదామని, సవారీ బండిలో జవానును వెంటబెట్టుకుని నేరుగా మా అరుగు ముందు దిగింది. నేను గర్వంగా గంప తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాను. బతికించాం కదా, మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె మూత తీసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నాయన మీద విరుచుకుపడింది. ఇంట్లో పిల్లల్లా పెంచుకున్నాను, మీ మీద నమ్మకంతో అప్పగించి వెళ్లాను, వీటికి ఈ పాడు ఎవరు పూశారు, సాబ్‌తో చెప్తాను అంటోంది. నాకు హిందీ మాట్లాడటం అంతగా రాదు గాని, దుకాణంలో పెరిగిన పిల్లను, అర్థమవుతుంది. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం అలా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పెరట్లో అవ్వ రోకటి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నాయన నా వైపు తిరిగాడు. చాలా మెత్తగా అడిగాడు. "బిడ్డా, వీటికి మందు ఎవరు పెట్టిండ్రో బాయీసాబ్ ముందట చెప్పు."

"అవ్వ పెట్టింది" అన్నాను. "రెండు సంతలు పెట్టింది."

మన భాషలో మందు పెట్టడమనే మాట ఎంత పాడుదో అప్పుడు నాకు తెలియదు. రోగం కుదిర్చేదీ మందే. గిట్టనివాళ్లకు అన్నంలో కలిపి పెట్టేదీ మందే. చర్మానికైతే పూసింది అంటాం, రాసింది అంటాం. పెట్టింది అని కూడా అంటాం, నిజమే. కాని ఫలానా ఆమె మందు పెట్టిందట అని ఊళ్లో నలుగురూ గుసగుసలాడుకుంటే ఆ మందు వేరు. నాయన ఆ మాటను ఎంచి అడిగాడు. నేను ఆయన ఇచ్చిన మాటనే తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

నాయన బాయీసాబ్‌కు హిందీలో చెప్పసాగాడు. నేను దవా అనే మాట కోసం ఎదురుచూస్తున్నాను. మందుకు హిందీలో అదే మాటని నాకు తెలుసు. సంతకు వచ్చిన బండివాళ్లు జ్వరానికి, దగ్గుకు దవా ఉందా సేట్ అని అడుగుతూనే ఉంటారు, నేనే తీసి ఇస్తుంటాను. నాయన నోట ఆ మాట రాలేదు. "బచ్చీ ఝూట్ నహీ బోల్తీ" అన్నాడు, పిల్ల అబద్ధం ఆడదని. తర్వాత, "ఉస్ బుఢియా నే టోనా కియా" అన్నాడు, ఆ ముసలిది టోనా చేసిందని.

టోనా అంటే చేతబడి. ఆ మాట హిందీ వాళ్లకు తెలుసు, హల్బీ వాళ్లకు తెలుసు, దొర్ల వాళ్లకూ తెలుసు. పెరట్లో రోకటి చప్పుడు ఆగిపోయింది.

నేను నాయన మొహంలోకి చూశాను. పొరపాటు పడ్డాడేమో, దిద్దుకుంటాడేమో అని చూశాను. ఆయన నా వైపు చూడలేదు. నాలుగు భాషలు వచ్చిన మనిషికి పొరపాటెక్కడిది. కాలు జారి నూతిలో పడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యదు. నా మాట ఆయన నోట్లోకి వెళ్లి వేరే మాటై బయటికొచ్చింది, అందరూ అది నా మాటే అనుకుంటున్నారు.

అవ్వ దంచిన బియ్యం మీద చాట బోర్లించింది. చేతులు కడుక్కుంది. ఇంటి పక్క సందులో నుంచి వచ్చి, అరుగు మీద ఉన్న మా అందరినీ ఒకసారి చూసి, బాట పట్టింది. జవాను ఆమెకు దారి వదిలి నాలుగు అడుగులు దూరం జరిగాడు. కుందేళ్ల గంప బండి ఎక్కింది. ఇంకొక్క సంత ఆగితే చాలు, ఇంకొక్కసారి పూస్తే చాలు అని నా లోపల నేను అనుకుంటూనే ఉన్నాను. బండి కదిలిపోయింది.

ఆ సాయంత్రం నాయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని పటికబెల్లం ముక్క చేతిలో పెట్టాడు. "అవ్వ పెట్టింది దవా గదా నాయినా" అన్నాను. ఆయన "మన మాటల రెండూ మందే గదా బిడ్డా. నేను అబద్ధమేమన్న ఆడిన్నా" అన్నాడు. పటికబెల్లం తినేశాను. ఆ తియ్యదనం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

జవాను ద్వారా మాట సంతకు చేరింది. ఆ తర్వాత అవ్వను వడ్లు దంచడానికి ఎవరూ పిలవలేదు. ఆమె ఎదురైతే తల్లులు పిల్లలను లోపలికి లాక్కునేవారు. దీపావళి దాటాక ఆ జవానే మళ్లీ వచ్చి, జగదల్‌పూర్‌లో కుందేళ్లు రెండూ చచ్చిపోయాయని చెప్పాడు. చెవులు మళ్లీ పొక్కులతో మూసుకుపోయాయట. చివరికి మెడ ఒక పక్కకు మెలిపడి, గుండ్రంగా తిరుగుతూ చచ్చాయట. "టోనాయే మెడ విరిచింది" అన్నాడు. గజ్జి ముదిరి చెవి లోపలికి దిగితే మెడ అలాగే మెలిపడుతుంది. అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషినీ ఊరు నోరెత్తనివ్వలేదు. చలికాలం మధ్యలో అవ్వ తన మేకలను తోలుకుని తర్రెం వైపు వెళ్లిపోయింది. ఆ ఏడు నాయనకు లక్క పర్మిటు వచ్చింది.

ఆ తర్వాత నాయనను నేను నమ్మలేదు. అన్నం పెట్టాను, పక్క వేశాను, పిలిస్తే పలికాను. నాకు సంబంధం కుదిర్చి "మంచి ఇల్లు బిడ్డా" అంటే, ఆ మంచి అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయా అని ఆలోచించాను. కన్నతండ్రి మాటను అలా వెనకా ముందూ తిప్పి చూసుకోవాల్సి రావడం ఎంత దిక్కులేనితనమో చెప్పలేను.

పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఆవపల్లి సంతలో అవ్వ కనిపించింది. కూర వండుకునే లేత వెదురుకొమ్ములు ముందు పోసుకుని కూర్చుంది. ఒక కంట్లో పువ్వేసింది. నేను ఎవరో చెప్పకముందే గొంతును బట్టి గుర్తుపట్టింది.

"మూడో సంతకు పూసినవా బిడ్డా" అని అడిగింది.

"లేదవ్వా. అవి ఆమె తీసుకపోయింది."

"అయితే సచ్చినయేమో."

"సచ్చినయి."

అవ్వ తల ఊపింది. నేను ఆమె ముందు కూలబడి, ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నదంతా ఒలకబోశాను. నాకేం తెలియదవ్వా, దవా అంటడనుకున్న, మా నాయన నా మాట తిప్పేసిండు, నన్ను కూడా మోసం చేసిండు అని ఏడ్చాను. అవ్వ వెదురుకొమ్ముల పొరలు ఒలుస్తూ అంతా విన్నది.

"మీ నాయిన సంగతి నాకెరుకే" అంది. "ఆయనకు పర్మిటు కావాలె. నీకేం కావాలెనో నాకు సమజ్ కాలే. ఆ దవా అనే మాట నీకొచ్చు గదా."

నాకేం కావాలో నాకు తెలుసు. ఆ అరుగు మీద నాయన పరువు నిలబడాలి. ఆయన నా వైపు తిరిగి నవ్వాలి. దానికి అవ్వ పోయినా ఫర్వాలేదు అని ఆ క్షణాన నాకు అనిపించింది. అందుకే నోరు తెరవలేదు. ఈ మాట మొన్నటి వరకు ఎవరికీ చెప్పలేదు.

మొన్న బచేలిలో రాత్రి భోజనాల దగ్గర మనవరాలికి చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుని, "పోనీలే అమ్మమ్మా, తొమ్మిదేళ్ల పిల్లవు, నీకేం తెలుసు అప్పుడు" అంది. దవా అంటే తెలుసు.